సూరత్‌లో అమ్మేసిన మా కొట్టు మాట

దలాల్ లేకుండా సూరత్ వెళ్ళి చీరలు బేరమాడి వచ్చిన మొనగాడు మా పొన్నూరు బజారు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. అది నేనే. మిగతా బట్టల కొట్లవాళ్ళు తండ్రుల కాలం నుంచీ దలాల్ వెనకాలే వెళ్తారు, అతను చూపించిన చోట కూర్చుంటారు, అతను చెప్పిన ధరకి తలూపి వస్తారు. అందుకు అతనికి నూటికి రెండు రూపాయలు. "ఆ రెండూ అమ్మే సూరత్ సేఠ్ ఇస్తాడుగా, మీకేం పోయింది?" అని అడిగింది మా ఆవిడ. సేఠ్ ఇస్తాడు, నిజమే. ఇచ్చిందంతా చీర ధరలో కలిపి నా జేబులోంచే లాక్కుంటాడు. ఈ రహస్యం కనిపెట్టిన తెలివి నాది. కనిపెట్టి ఊరుకోకుండా రైలెక్కిన తెలివి కూడా నాదే.

నాకంత ధైర్యం ఎక్కడిదంటే హిందీ వల్ల. చిన్నప్పుడు మా నాన్న సాయంత్రాలు నన్ను కొట్లో కూర్చోనివ్వకుండా హిందీ పరీక్షలకి పంపాడు. అన్నీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఆ పట్టా ఇప్పటికీ మా కొట్లో గల్లాపెట్టె పైన వేలాడుతోంది. హిందీ వచ్చినవాడికి హిందీవాళ్ళ మధ్య దలాల్ ఎందుకు?

ఉధ్నా స్టేషన్ బయట

ఆ ప్రశ్నకి జవాబు సూరత్‌కి ఆనుకునే ఉన్న ఉధ్నాలో రైలు దిగిన పది నిమిషాల్లో దొరికింది.

ఆటో అతని దగ్గరికి వెళ్ళి, పరీక్షలో నేర్చుకున్న మర్యాదంతా కూడగట్టి, "కృపయా హమే వస్త్ర బాజార్ తక్ పహుంచా దీజియే" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి పక్క ఆటో అతనితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత నూట యాభై అన్నాడు. నేను వంద అన్నాను. నూట ఇరవైకి తెగింది. దారిలో అడిగాను, ఎందుకు నవ్వారని.

"టీవీలో పొద్దున పూట పురాణం చెప్పేవాళ్ళు తప్ప ఇలా మాట్లాడే మనిషిని ఎప్పుడూ చూడలేదు సార్," అన్నాడు. "ఊరికి కొత్త అనుకున్నాం."

మార్కెట్ దగ్గర దిగాక తెలిసింది, షేర్ ఆటోకి ఇరవై రూపాయలట. మిగిలిన వంద నా హిందీకి కట్టిన సుంకం. పరీక్ష ఫీజు కూడా అంత లేదు.

రింగ్ రోడ్డు: తెల్లపరుపు మీద

మా కొట్లో కొనేవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు, అమ్మేవాడు నిలబడతాడు. సూరత్‌లో ఇద్దరూ చెప్పులు విప్పి ఒకే తెల్లపరుపు మీద కూర్చుంటారు. మర్యాదగా ఉంటుంది, కానీ అలిగి లేచిపోవడం కష్టం. మన దగ్గర బేరంలో సగం బలం గుమ్మం దిగడంలోనే ఉంటుంది కదా. ఇక్కడ దిగాలంటే ముందు మోకాళ్ళు సహకరించాలి, తర్వాత చెప్పులు దొరకాలి. అప్పటికి కోపం చల్లారిపోతుంది.

నేను ఎక్కిన గద్దె మన్సుఖ్‌భాయ్ అనే ఆయనది. మా ఈడువాడే, నలభై ఏడు, నలభై ఎనిమిది ఉంటాయి. ధర నోటితో చెప్పడు. కాల్‌క్యులేటర్ మీద కొట్టి నా వైపు తిప్పుతాడు. నేను చెరిపేసి నాది కొట్టి ఆయన వైపు తిప్పుతాను. నోళ్ళేమో వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటాయి. మూడు వందల నలభై దగ్గర మొదలైన చీర రెండు వందల తొంభై ఐదు దగ్గర చతికిలబడింది. మూడు వందల చీరలు నా అవసరం. శ్రావణం ముందర ఈ రకమే కావాలి.

"దలాల్ ఎవరు?" అన్నాడు మన్సుఖ్‌భాయ్.

"లేడు," అన్నాను, పతకం చూపించినట్టు.

"అయితే నగదు," అన్నాడు. దలాల్ పూచీ ఉంటే రెండు నెలలు ఆగుతాడట. పూచీ లేనివాడికి ధర అదే, గడువు మాత్రం ఉండదు. దలాల్‌కి ఇచ్చే రెండు రూపాయల్లో ఇంత సరుకుందని మా బజారులో ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదు.

మింగలేక కక్కలేక కూర్చుని ఉండగా, అద్దాల గది అవతలి నుంచి తెలుగు వినపడింది.

"అక్కలూ, జర గీ చీర చూడుండ్రి. కలర్ మస్తుగుంది. గిట్ల పట్టుకుంటే సిల్కు లెక్కనే జారుతది. నంబర్ పద్నాలుగు, స్క్రీన్‌షాట్ కొట్టి పెట్టుండ్రి."

లోపల ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ఎదురుగా గుండ్రటి లైటు, స్టాండుకి ఫోను. ఫోన్లో ఈ లైవ్ చూసేవాళ్ళు ఆంధ్ర, తెలంగాణ ఆడవాళ్ళు. నచ్చిన చీర ఫొటో తీసి పంపిస్తే డబ్బు కట్టించుకుని సూరత్ నుంచే పార్శిల్ చేస్తారు. మధ్యలో నాలాంటి కొట్టువాడి అవసరం లేదు. ఆ ముక్క నాకు అక్కడే, ఆ నిమిషంలోనే తట్టి ఉండాల్సింది. నాకు అప్పుడు తట్టింది వేరే: ఈ పిల్ల తెలుగులో తప్పులున్నాయే అని.

ఆమె పేరు స్రవంతి. వాళ్ళది సిరిసిల్ల వైపు. తాత కాలంలోనే మగ్గం పనికి ఇక్కడికి వచ్చేశారు. తండ్రి పాండెసరాలో పవర్‌లూమ్ నడుపుతాడు. తను పుట్టింది, గుజరాతీ మీడియంలో చదివింది అంతా ఇక్కడే.

మన్సుఖ్‌భాయ్ తన ఫోను నా ముందు పెట్టాడు. చీరల వీడియోల కింద జనం రాసిన మాటలు, యాప్‌లో హిందీలోకి మార్చినవి. "ఈ అమ్మాయి మాటలు అర్థం కావడం లేదు." "ఇదేం తెలుగు?" "మంచి తెలుగు వచ్చినవాళ్ళని పెట్టండి." అన్నీ గుంటూరు, కృష్ణా వైపు నుంచి.

"తెలంగాణకి మాల్ అమ్ముడుపోతోంది, ఆంధ్రా మాల్ నిలబడిపోతోంది," అన్నాడు. "ఇక్కడే అడాజన్‌లో ఒక డాక్టర్‌గారి భార్య ఉంది, విజయవాడ ఆవిడ. రెట్టింపు జీతం అడుగుతోంది. శనివారం లైవ్ కూడా ఇలాగే ఉంటే సోమవారం నుంచి ఆవిడే."

ఇదంతా స్రవంతి ఎదురుగానే అన్నాడు. ఆమె పద్నాలుగో నంబరు చీర మడత పెడుతూనే ఉంది. మడత మాత్రం రెండుసార్లు వేసింది.

"అన్నాజీ, మీది అసలు తెలుగేనా?" అని అడిగాడు నన్ను.

"అసలు తెలుగంటేనే మాది," అన్నాను. మా జిల్లాలో పుట్టినవాడు ఎవడైనా నిద్రలో కూడా చెప్పే మాట ఇది. "శనివారం లోపల నేర్పిస్తాను. చీరకి పన్నెండు తగ్గించండి."

కాల్‌క్యులేటర్ తీశాడు. రెండు వందల ఎనభై మూడు. నా వైపు తిప్పాడు. గురువారం సాయంత్రం రైలు టికెట్టు రద్దు చేసుకున్నాను. ఇంతకంటే లాభసాటి బేరం మా వంశంలో ఎవరూ చెయ్యలేదని మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను.

లోచో బండి దగ్గర పాఠం

సూరత్ వాళ్ళు పొద్దున్నే లోచో తింటారు. శనగపిండి ఉడికించిన ముద్ద. ఖమన్ అనే ఆవిరి పిండివంట చెయ్యబోయి కొలత తప్పితే పుట్టిందట, ఆ పేరుకి గుజరాతీలో గడబిడ అనే అర్థమట. పైన నూనె, ఉల్లిపాయలు, సన్న కారప్పూసలాంటి సేవు. ప్లేటు యాభై. మనమైతే పిండి జారిపోయిన ఇడ్లీని గుట్టుగా పిల్లలకి పెట్టేస్తాం. వీళ్ళు దానికి పేరు పెట్టి, ఊరి పేరు ముందు చేర్చి అమ్ముకుంటున్నారు. వ్యాపారం ఎక్కడ నేర్చుకోవాలో అప్పుడర్థమైంది.

గురువారం పొద్దున ఆ బండి దగ్గరే మా బడి. స్రవంతి మొదటి గంట నన్ను సార్ అంది, తర్వాత కాకా అంది. వాళ్ళ ఇంట్లో బాబాయిని అలాగే అంటారు, గుజరాతీ వాళ్ళూ అదే అంటారు, కాబట్టి ఆ పిల్లకి రెండు భాషలకీ ఒకటే ఖర్చు. కాకా అన్న మరుక్షణం మీరు పోయి నువ్వు వచ్చింది. మా ఊళ్ళో కూతురి వయసు పిల్ల నన్ను నువ్వంటే కొట్లో ఫ్యాను ఆగిపోతుంది. ఇక్కడ అది దగ్గరితనం. రెండు రోజుల్లో అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా మీరంటేనే అప్పు అడుగుతారేమో అనిపిస్తోంది.

నేను ఒక కాగితం తీసి మంచి తెలుగు రాశాను. "ప్రియమైన వినియోగదారులకు నమస్కారం. మా వద్ద నాణ్యమైన చీరలు సరసమైన ధరలకు లభించును. ఆకర్షణీయమైన అంచులు, మన్నికైన రంగులు మా ప్రత్యేకత."

ఆమె కాగితం తిరగేసింది. "నాకు తెలుగు చదువుడు రాదు కాకా. నువ్వు చెప్పు, నేను రాసుకుంట."

నేను చెప్తుంటే ఫోన్లో గుజరాతీ అక్షరాల్లో కొట్టుకుంది. మధ్యలో ఆగింది.

"లభించును అంటే దొరుకుతదా, దొరకదా?"

"దొరుకుతుంది."

"మరి దొరుకుతది అంటే అయిపాయె గదా."

"అట్లా అనకూడదమ్మా. దొరుకుతది అంటే మోటుగా ఉంటుంది."

"మీ దుకాణంల నువ్వు లభించును అంటవా?"

ముప్పై ఏళ్ళుగా కొట్లో కూర్చుంటున్నాను. లభించును అని ఒక్క మనిషితో అనలేదు. అది బోర్డు మీద ఉంటుంది, అంతే. దాన్ని చదివి లోపలికి వచ్చినవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఇదేదీ ఆ పిల్లకి చెప్పలేదు. మంచి తెలుగు అని ఎవరైనా అడిగితే మనందరం ముందు దినపత్రికే తీసి ఇస్తాం కదా, ఇంట్లో వాడేది దాచుకుని.

తర్వాత ఆమె మాటల్లో తప్పులు ఏరడం మొదలుపెట్టాను. గిట్ల కాదు, ఇలా. మస్తు కాదు, చాలా. ఏంది అనకూడదు, ఏమిటి అనాలి. అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది, పాలవాడు వచ్చాడని.

"ఏందీ, వినపళ్ళా," అన్నాను.

ఫోన్ పెట్టేసరికి స్రవంతి లోచో ప్లేటులోకి చూస్తూ నవ్వుతోంది. "ఏమిటి కాకా," అంది, చాలా శుద్ధంగా.

శుక్రవారం పరీక్ష

లైవ్ మధ్యాహ్నం మూడింటికి. వంటలు, భోజనాలు అయ్యాక ఆడవాళ్ళు ఫోన్ పట్టుకునే వేళ. స్రవంతి నిటారుగా కూర్చుని నేను నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నాకు కళ్ళు చెమర్చినంత పనైంది.

చూస్తున్నవాళ్ళ రాతలు ఫోన్ మీద పైకి పాకుతున్నాయి. నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

"ఇది రికార్డింగా?"

"బ్యాంకు వాళ్ళా? మాకు లోన్ వద్దు."

"రోజూ వచ్చే పిల్ల ఏది? ఆమెను పిలువుండ్రి." ఇది కరీంనగర్ నుంచి.

"అక్కా, పాణం బాగలేదా?" ఇది వరంగల్ నుంచి.

తెలంగాణవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆంధ్రావాళ్ళు వచ్చి చూసి, కరెంటు ఆఫీసు అనుకున్నారో ఏమో, వాళ్ళూ వెళ్ళిపోయారు. మొత్తం నాలుగు చీరలు పోయాయి. అందులో ఒకటి ఆమె పిన్ని కూతురు కొన్నది.

మన్సుఖ్‌భాయ్ అద్దం తలుపు తీసి లోపలికి వచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బేరం సాగేది.

"అన్నాజీ, మీ మంచి తెలుగు చాలా ఖరీదు," అన్నాడు. "రేపొక్క రోజే. తర్వాత మీ పన్నెండూ లేదు, ఈమె కూడా లేదు."

ఆయన వెళ్ళాక స్రవంతి లైటు ఆర్పింది. "కాకా, మా ఇంటికొచ్చి అన్నం తిను," అంది. "మా అమ్మ నీ తెలుగు వినాల్నట."

వడోద్: దారాలు కోసే ఇల్లు

సాయంత్రం ఆరింటికి వెళ్ళాం. షేర్ ఆటోనే, ఇరవై రూపాయలే. వాళ్ళుండే వడోద్‌లో సందులు సన్నగా ఉంటాయి, ప్రతి సందులోనూ మగ్గాల చప్పుడు ఏదో ఒక వైపు నుంచి వస్తూనే ఉంటుంది. రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా చీరల గుట్టలు. వాళ్ళ అమ్మ యాదమ్మ గోడకి ఆనుకుని, చిన్న కత్తెరతో చీర వెనకవైపు వేలాడే దారాలు కోస్తోంది. చీరకి ఇంతని కూలి. వీధిలో చాలామంది ఆడవాళ్ళ పని అదే.

"కూసోండ్రి అన్నా. గా గుట్ట జరపవే," అంది కూతురితో.

చికెన్, అన్నం, పక్కన గుజరాతీ పచ్చిమిరపకాయ వేపుడు. పప్పులో మాత్రం బెల్లం లేదు. మూడు రోజులుగా హోటల్లో నూట ఎనభైకి తియ్యటి పప్పు తింటున్న నాకు ఆ పప్పు చూస్తే సొంత ఊళ్ళో దిగినట్టుంది. రెండోసారి, మూడోసారి వేయించుకున్నాను. దీనికి ధర అడగలేని చోటు కాబట్టి నిర్భయంగా తిన్నాను.

యాదమ్మ దారాలు కోస్తూనే అడిగింది. "అన్నా, గిన్ని చీరలు పొద్దుమాపు పోతయి మీ దిక్కుకు. ఎవరు కడ్తరు గివన్ని?"

"కట్టరమ్మా," అన్నాను. "పెడతారు. పెళ్ళికి, గృహప్రవేశానికి, నోముకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ జాకెట్టు గుడ్డో, చీరో పెట్టాలి. ఆవిడ అదే చీర ఇంకొకరికి పెడుతుంది. కొన్ని చీరలు పెట్టెలోంచి పెట్టెలోకి ఊరంతా తిరుగుతాయి గానీ ఒంటి మీదకి రావు."

"మా దిక్కు గూడ అంతే. ఒడిబియ్యంకు పెడ్తరు. చీర ఎట్లుందని ఎవ్వరు చూడరు. పెట్టిన్రా లేదా, గదే చూస్తరు."

"అందుకే కదా," అన్నాను ముద్ద కలుపుతూ, "మా నాన్న మనిషి గుమ్మం ఎక్కగానే కూర్చోండి అనకముందే అడిగేవాడు. పెట్టడానికా, కట్టుకోవడానికా అని. పెట్టడానికంటే ఎడమ బీరువా, కట్టుకోవడానికంటే కుడి బీరువా. ఆ తర్వాత ఎవరికమ్మా అని మెల్లగా. ఆడపడుచుకి అంటే ఒక రకం. వియ్యపురాలికి అంటే మెరుపు ఎక్కువ, ధర తక్కువ ఉన్నది. ఇక బేరం ఉండదు. ఆవిడ మనసులో ఉన్నది మనం చెప్పాక, మనతో బేరం ఏమాడుతుంది?"

అనేశాక చూశాను. స్రవంతి అన్నం తినడం ఆపేసింది.

"గిది ఎందుకు చెప్పలే కాకా?"

"అది చెప్పేది కాదమ్మా. అది కొట్టు మాట."

"రెండు దినాల సంది లభించును చెప్తున్నవ్. గిది దాసుకున్నవ్."

నేను పప్పు కలుపుకున్నాను. అది మా నాన్న మాట, నా మాట, మా కొట్టు మొత్తం నిలబడింది దాని మీదే. దాన్ని ఫోన్లో అరిస్తే రెండు రాష్ట్రాలు వింటాయి.

"మంచిదే," అంది స్రవంతి, మళ్ళీ తింటూ. "చెప్పకు. సోమవారం సంది అమ్మ పక్కన కూసుంట. ఒగ కత్తెర ఎక్కువే ఉంది ఇంట్ల."

కోపంగా అనలేదు. వాళ్ళ అమ్మ కత్తెర ఆగలేదు. నేను మాత్రం మూడోసారి వేయించుకున్న పప్పుని కంచంలో పక్కకి నెట్టాను.

మీరు నన్ను దయగలవాడు అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి మర్నాడు పొద్దున ఏం చేశానో కూడా చెప్తాను. తిన్నగా మన్సుఖ్‌భాయ్ గద్దె ఎక్కి, "కొత్త మందు దొరికింది, చీరకి ఇంకో ఆరు తగ్గించండి" అన్నాను. మా నాన్న మాటకి నేను కట్టిన వెల చీరకి ఆరు రూపాయలు. ఆయన ఐదన్నాడు. నేను లేవబోయాను, మోకాలు పట్టేసింది, కూర్చున్నాను. అది పట్టుదల అనుకుని ఆరుకి ఒప్పుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం

ఈసారి నేను కాగితం రాయలేదు. మా కొట్టు ఎలా నడుస్తుందో అంతా చెప్పాను. ఏ మాట నవ్వుతూ అనాలో, ఏ మాట చీర మడత పెడుతూ పక్కకి చూసి అనాలో. స్రవంతి నా యాస ఎత్తుకోలేదు. "నీ లెక్క మాట్లాడితే మళ్ళ బ్యాంకోళ్ళు అంటరు," అంది. తన తెలుగులోనే తను మొదలుపెట్టింది.

"అక్కలూ, అమ్మలూ, ముందుగాల ఒగటి చెప్పుండ్రి. పెట్టుడుకా, కట్టుకునుడుకా? ఆంధ్రా అక్కలూ, మీకు మా కాక నేర్పిండు: పెట్టడానికా, కట్టుకోవడానికా?"

 రాతలు గట్టు తెగినట్టు వచ్చాయి. "పెట్టడానికే, పది కావాలి." "ఒడిబియ్యంకు, అయిదు." "రెండూ. నాకు మంచిది చూపించమ్మా." గుంటూరు, హన్మకొండ, ఏలూరు, నిజామాబాద్. గిట్లకీ ఇలాకీ గొడవే లేదు. పెట్టుపోతల దగ్గర తెలుగువాళ్ళందరిదీ ఒకటే భాష అని అప్పుడు తెలిసింది.

నేను మీసం మెలేసుకుంటూ అన్నీ చదివి వినిపిస్తూ ఉండగా ఒక రాత పైకి వచ్చింది. "మా తోడికోడలికి. చవకది చాలు, మెరిస్తే సరి."

దాని కిందే ఇంకోటి. "అక్కా, నేనూ చూస్తున్నా."

 కొట్లో ఈ జవాబు చెవిలో చెప్తారు. చెప్పి, చెప్పలేదన్నట్టు మొహం పెడతారు. అరగంట తర్వాత అడిగితే అసలు గుర్తే ఉండదు. ఇక్కడ అదే మాట రాశారు. రాసింది వెయ్యిమంది ముందు నిలబడి ఉంది, చెరపడానికి లేదు. మాటకీ రాతకీ ఇంత తేడా ఉందని ఏ వ్యాకరణమూ నాకు చెప్పలేదు. మూడో మనిషి రాసింది: "భలే పెట్టావు." నాలుగో మనిషి నవ్వే బొమ్మ పెట్టింది. కొనడం ఆగిపోయింది. అందరూ తగువు కోసం కూర్చున్నారు.

అద్దం అవతల మన్సుఖ్‌భాయ్‌కి భాష రాకపోయినా ఆర్డర్లు ఆగడం కనపడింది. లేచి నిలబడ్డాడు.

నేను స్రవంతికి సైగ చేశాను, వేరే చీర తియ్యమని. ఆమె నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న చీరనే ఫోనుకి దగ్గరగా పెట్టింది.

"చెల్లె, నువ్వు చూస్తున్నవని మీ అక్కకు ఎరుకే," అంది. "లేకుంటే లైవ్‌ల రాస్తదా? గది నిన్ను ఏడిపిచ్చుడు. నీ చీర నేను తీసిపెట్టిన, అక్క తరఫు. చూడు, నంబర్ ఇరవై రెండు. అక్కా, గంతే గదా?"

ఆ అక్కకి వేరే దారి ఏముంది. చాలాసేపటికి రాసింది: "అంతేనమ్మా. ఇరవై రెండు పంపించు." ఇరవై రెండో నంబరు ఆరు వందల యాభై. ఆవిడ కొందామనుకున్నది మూడు వందల లోపలిది.

తోడికోడలు పువ్వు బొమ్మ పెట్టింది. మా నాన్న బతికుంటే ఈ పిల్లకి గల్లాపెట్టె తాళాలు ఇచ్చేసి నన్ను మళ్ళీ హిందీ పరీక్షకి పంపేవాడు.

"ఇగ ఎవరికని రాయకుండ్రి," అంది స్రవంతి అందరితో. "పెట్టుడుకైతే ఒగటి అని రాయుండ్రి, కట్టుకునుడుకైతే రెండు. ఎవరికో మీ మనసుల పెట్టుకోండ్రి."

ఆ తర్వాత ఫోన్ నిండా ఒకట్లే. అక్కడక్కడ సిగ్గుపడుతూ ఒక రెండు.

అయిదింటికి మన్సుఖ్‌భాయ్ టీ తెప్పించాడు. దలాల్ లేనివాడికి టీ పోయించడం ఆ గద్దె మీద అదే మొదటిసారట. అడాజన్ ఆవిడకి ఫోన్ చేసి, ప్రస్తుతానికి అవసరం లేదండీ అని చెప్పాడు. స్రవంతి అద్దం అవతల చీరలు మడత పెడుతోంది. ఈసారి ఒక్కో మడత ఒక్కసారే.

ప్యాకింగ్ బల్ల

నా మూడు వందల చీరలు కట్టించుకోవడానికి వెనక గదిలోకి వెళ్ళాను. పొడుగు బల్ల మీద లైవ్‌లో అమ్ముడైన పార్శిళ్ళు, మీద చిరునామా చీటీలు. ఊసుపోక చదువుతున్నాను. నాలుగో పార్శిల్ దగ్గర ఆగిపోయాను. మా పిన్‌కోడు. మా బజారుకి వెనక వీధి. కామేశ్వరమ్మ గారు. పది చీరలు.

కామేశ్వరమ్మ గారు ఇరవై ఏళ్ళుగా మా కొట్లో తప్ప ఇంకెక్కడా పెట్టుబడి చీరలు కొనలేదు. వాళ్ళమ్మాయి పెళ్ళికి ఎడమ బీరువా మొత్తం ఖాళీ చేసిన మనిషి.

స్రవంతి వెనకే వచ్చింది. "ఎవరు కాకా, మీ చుట్టాలా?"

"మా ఖాతాదారు."

ఆమె చీటీ చూసింది, నా మొహం చూసింది.  నవ్వు వస్తే ఆపుకుందో, నిజంగానే బాధపడిందో నాకు తెలియదు.

"అయితే జర మంచిగ ప్యాక్ చేపిస్త," అంది.

లెక్క

తిరిగి వచ్చి ఇప్పటికి రెండు నెలలు దాటింది. బజారులో అందరూ ఎంత మిగిలిందని అడుగుతున్నారు. ఎవరికీ చెప్పలేదు. వెళ్ళనివాళ్ళ కోసం ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

చీరకి పద్దెనిమిది చొప్పున మూడు వందల చీరల మీద మిగిలింది అయిదు వేల నాలుగు వందలు. ఇది నా బేరం. దీన్ని ముందు రాసుకుంటున్నాను, తర్వాత రాయాలంటే మనసు ఒప్పదు.

పాఠాల కోసం అదనంగా ఉన్న మూడు రోజులకి గది రెండు వేల ఏడు వందలు, తిండి, ఆటోలు కలిపి పదహారు వందలు. ఇంటికి తెచ్చిన ఘారీ మిఠాయి ఆరు వందల నలభై. ఇంకా నాలుగు వందల అరవై లాభంలోనే ఉన్నాను. ఇక్కడ ఆపేస్తే నేను మొనగాణ్ణే.

దలాల్ పూచీ లేక ఎనభై మూడు వేల నూరు రూపాయలు నగదు కట్టాను. నూటికి నెలకి రెండు రూపాయల చొప్పున రెండు నెలల వడ్డీ మూడు వేల మూడు వందల ఇరవై నాలుగు.

మా రెండు వీధుల్లోకి సూరత్ నుంచి నేరుగా దిగినవి, నాకు తెలిసినంతవరకు, ముప్పై ఎనిమిది చీరలు. ఒక్కో దాని మీద నాకు రావాల్సిన నూట పది పోయింది. నాలుగు వేల నూట ఎనభై. నాకు తెలియనివి లెక్కలో వెయ్యలేదు, వేస్తే నిద్ర పట్టదు.

మొన్న స్రవంతి ఫోన్‌కి మాట రికార్డు చేసి పంపింది. "కాకా, పొన్నూరోళ్ళకు ఫాల్ గిట్ల కుట్టాల్నంటే మీ దుకాణం పేరు చెప్తున్న లైవ్‌ల. రేటు ఎక్కువ తీసుకోకు." అలా వచ్చినవి ఇరవై రెండు చీరలు. కామేశ్వరమ్మ గారివే పది. ఎనభైకి కుట్టించి ఇస్తే నాకు మిగిలేది ఇరవై అయిదు. అయిదు వందల యాభై జమ.

పోయినవారం ఇంటికి ఒక పార్శిల్ వచ్చింది. మా ఆవిడ తెప్పించుకుంది, నాలుగు వందల ఇరవై. కొట్టు నిండా చీరలుండగా ఇదెందుకని అడిగాను. మీ కొట్లో నన్నెప్పుడైనా ఎవరైనా అడిగారా, నాకేం కావాలని అంది. లైవ్‌లో రెండు అని రాసిందట.

మొత్తం మీద నష్టం ఆరు వేల తొమ్మిది వందల పద్నాలుగు రూపాయలు.